మూడో పేరుకి వేసిన ఓటు

2022 నవంబరులో అమెరికా సెనేట్ ఎన్నికలో నేను చేజ్ ఆలివర్‌కి ఓటేశాను. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇక్కడ జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా పక్కనున్న జాన్స్ క్రీక్‌లో మాకు దగ్గరైన తెలుగు కుటుంబాలకీ తెలుసు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా వ్రతం అయ్యాక భోజనాల దగ్గర రాజకీయాలు మొదలైతే నా ఓటు మాట రాక మానదు. "అనవసరంగా వేస్ట్ చేశావు" అని కొందరు, "నీలాంటి వాళ్ల వల్లే ఇంకో నెల ఆ టీవీ ప్రకటనలు భరించాల్సి వచ్చింది" అని కొందరు. ఒక్కొక్కరికీ వేరువేరుగా చెప్పేకన్నా ఒకసారి కుదురుగా కూర్చుని రాయడం మేలనిపించింది.

ఆలివర్ లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థి. ప్రభుత్వం పాత్ర వీలైనంత తగ్గాలనే చిన్న పార్టీ అది. ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ రాజకీయాల్లోకి వచ్చిన మనిషి. ముందు డెమోక్రాట్ల వైపు ఉండి, తర్వాత ఈ పార్టీలోకి వచ్చాడు. అప్పటికి ఆయన వయసు 37. ఎదుట ఉన్నవాళ్లు మామూలు వాళ్లు కారు. ఒకరు అప్పటికే డెమోక్రాట్ సెనేటర్, మార్టిన్ లూథర్ కింగ్ ఒకప్పుడు బోధించిన ఎబెనీజర్ చర్చి పాస్టర్ రాఫెల్ వార్నాక్. ఇంకొకరు జార్జియాలో చిన్నపిల్లలక్కూడా తెలిసిన అమెరికన్ ఫుట్‌బాల్ వీరుడు, రిపబ్లికన్ అభ్యర్థి హెర్షెల్ వాకర్, వెనక ట్రంప్ మద్దతు. వాళ్లిద్దరి ప్రకటనలు ఎంత ఎక్కువగా వచ్చాయంటే, వంట చేసుకుంటూ టీవీ పెట్టుకోవాలన్నా విసుగొచ్చేది. ప్రతి ప్రకటనలోనూ ఎదుటివాడు ఎంత చెడ్డవాడో చెప్పడమే. వాకర్ గతం, వార్నాక్ విడాకులు, ఇవే. నా పిల్లల చదువుకీ, మా అత్తగారి మెడికేర్‌కీ (పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా), గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడ్డ మా చుట్టాలకీ సంబంధించిన మాట ఆ అరనిమిషంలో ఎక్కడా వినపడేది కాదు.

ఆ అక్టోబరులో రెండు చర్చలు జరిగాయి. 14న సవానాలో జరిగినదానికి వార్నాక్, వాకర్ మాత్రమే వచ్చారు. ఆలివర్‌కి పిలుపు లేదు. వాకర్ జేబులోంచి పోలీసు బ్యాడ్జి లాంటిది తీసి చూపించింది అక్కడే, దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. 16న అట్లాంటా ప్రెస్ క్లబ్ చర్చకి మాత్రం ముగ్గుర్నీ పిలిచారు. వాకర్ రాలేదు. ఆయన కోసం పెట్టిన బల్ల ఖాళీగానే ఉంది. వార్నాక్, ఆలివర్ మాట్లాడారు. నేను ఆ చర్చ చివరిదాకా చూశాను. ఆలివర్ చెప్పినవాటిలో అన్నీ నాకు నచ్చలేదు. ప్రభుత్వం ఇంతగా తగ్గిపోవాలనే ఆలోచన నాకు మింగుడు పడదు, మా పిల్లలు చదివింది ప్రభుత్వ బడుల్లోనే. తుపాకుల విషయంలో ఆయనకీ నాకూ పొత్తు కుదరదు. కానీ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాడు. పక్కవాడిని తిట్టకుండా తన మాట తను చెప్పుకున్నాడు. అంతకన్నా ముఖ్యం, ఇద్దరు మాత్రమే ఉండాలన్న పద్ధతి మీదే ఆయన ప్రశ్న వేశాడు. ఓటరు అభ్యర్థుల్ని తన ఇష్టప్రకారం ఒకటి, రెండు, మూడు అని వరసపెట్టే పద్ధతి కావాలన్నాడు. నేను ఓటేసింది ఆ మాటకి.

ఇప్పుడు లెక్క చెప్తాను. నవంబరు 8న వార్నాక్‌కి 49.4 శాతం వచ్చాయి, వాకర్‌కి 48.5. ఆలివర్‌కి 2.1 శాతం, అంటే 81,365 ఓట్లు. వార్నాక్‌కీ వాకర్‌కీ మధ్య తేడా సుమారు 37 వేలు. మామూలుగా ఎక్కువ రాష్ట్రాల్లో అయితే ఆ 37 వేలతోనే ఆట ముగిసిపోయేది. జార్జియాలో అలా కాదు. సగం కంటే ఒక్క ఓటైనా ఎక్కువ రావాలి. రాకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ పెడతారు, దాన్నే రన్ఆఫ్ అంటారు. డిసెంబరు 6న ఆ పోటీ జరిగింది, వార్నాక్ 51.4 శాతంతో గెలిచాడు.

రెండేళ్ల ముందు కూడా ఇదే జరిగింది, ఇంకా సన్నగా. 2020 నవంబరులో రిపబ్లికన్ సెనేటర్ డేవిడ్ పెర్డ్యూకి 49.7 శాతం వచ్చింది. సగం దాటడానికి 14 వేల ఓట్ల లోపే తక్కువ. లిబర్టేరియన్ అభ్యర్థి షేన్ హేజల్‌కి లక్షా పదిహేను వేలొచ్చాయి. 2021 జనవరి 5న జరిగిన రన్ఆఫ్‌లో పెర్డ్యూ ఓడి జాన్ ఆసాఫ్ గెలిచాడు. అదే రోజు వార్నాక్ కూడా గెలవడంతో సెనేట్ 50-50 అయ్యి, ఉపాధ్యక్షురాలి ఓటుతో డెమోక్రాట్ల చేతికొచ్చింది. దేశమంతటి చట్టాలు ఎవరి చేతిలో ఉండాలో తేలడంలో, మూడో పేరు నొక్కిన ఆ జార్జియా ఓటర్లకీ ఒక పాలు ఉంది.

అప్పుడు రిపబ్లికన్లు వాళ్లని తిట్టారు. ఒకసారి ఈ పక్షం, ఒకసారి ఆ పక్షం, "మా ఓట్లు చీల్చారు" అని. నాకు కోపం వచ్చేది సరిగ్గా ఈ మాటకే. ఓటు నాది. నేను వేసేదాకా అది ఎవరి ఖాతాలోనూ లేదు. లేనిదాన్ని ఎవడు చీల్చాడు?

మా ఎదురింటి అన్నయ్యగారిది నెల్లూరు. నాకన్నా ముందు, తొంభైల్లోనే ఇక్కడికొచ్చారు. ఆయన ఒక్కరే నాతో ఈ విషయం ఓపిగ్గా వాదించారు.

"చెల్లెమ్మా, మూడోవాడికేస్తే ఓటు మురిగిపోయినట్టే. మన దగ్గర 2009లో చూళ్లేదా?"

"మురిగిపోతే రన్ఆఫ్ ఎందుకొచ్చిందండీ అన్నయ్యగారూ? ఇద్దరూ నెలరోజుల పాటు మళ్లీ తిరిగారు కదా, ఇంటింటికీ."

"తిరిగింది నీకోసం కాదు, వాళ్ల వాళ్లని మళ్లీ బయటికి లాక్కురావడానికి."

ఆయన మాటలో నిజముంది, కాదనను. రన్ఆఫ్ ప్రచారంలో ఆలివర్ ఓటర్లని మెప్పించే పని ఇద్దరిలో ఎవరూ గట్టిగా చేయలేదు. కానీ 2009 పోలిక మాత్రం ఇక్కడ సరిపడదు. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కి సుమారు 36.5 శాతం ఓట్లొచ్చాయి. దాంతో 294 సీట్లలో 156 గెలిచింది. ప్రజారాజ్యం 18 దగ్గర ఆగింది. లోక్‌సత్తాకి ఒక్కటే, కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్. మా తమ్ముడు అప్పుడు కేపీహెచ్‌బీలో ఉండేవాడు, వాడు వేసింది ఆయనకే. తెనాలిలో మా నాన్నగారు మాత్రం "గెలిచేవాడికి వేయరా" అని ఫోన్లో కేకలేశారు. ఆ పద్ధతిలో నాన్నగారి కంగారుకి అర్థం ఉంది. అక్కడ ఒక్కసారే లెక్క. ఎవరికి కాస్త ఎక్కువొస్తే వాళ్లదే సీటు, మూడింట రెండొంతుల మంది వద్దన్నా సరే. నచ్చినవాడికి వేయాలా, నచ్చనివాడిని ఆపడానికి వేయాలా అని ఓటరు నలిగిపోతాడు. జార్జియాలో ఆ నలుగుడు లేదు. మొదటి విడతలో నచ్చినవాడికి వేయొచ్చు, రెండో విడతలో ఉన్న ఇద్దరిలో మేలైనవాడిని ఎంచుకోవచ్చు. నేను రెండూ చేశాను. రెండోసారి ఎవరికి వేశానో మాత్రం ఇక్కడ రాయను, ఎందుకో కింద చెప్తాను.

అయితే నాకు మేలు చేసిన ఈ రన్ఆఫ్ చట్టం పుట్టుక మంచిది కాదు. అది తెలుసుకున్నాక ఎన్నో రోజులు నాకు మనసు బాగాలేదు. 1963 దాకా జార్జియాలో పార్టీ ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, కౌంటీ యూనిట్ పద్ధతి అని ఒకటుండేది. జనం ఎక్కువగా ఉండే అట్లాంటా ఓటు విలువని చిన్నచిన్న పల్లె కౌంటీల ముందు తగ్గించే లెక్క అది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత మేకన్ నుంచి ఎన్నికైన శాసనసభ్యుడు డెన్మార్క్ గ్రూవర్ ఈ సగం దాటాలన్న నియమం తెచ్చాడు, 1964లో అది చట్టంలో చేరింది. తెల్లవాళ్ల ఓట్లు నలుగురి మధ్య పంచుకుపోతే నల్లవాళ్లంతా ఒకరికే వేసి గెలిపిస్తారన్న భయం దాని వెనక ఉంది. అప్పట్లో తనకి జాతి వివక్ష ఉండేదని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. అదే నియమం 2021లో జార్జియా నుంచి మొట్టమొదటి నల్లజాతి సెనేటర్‌ని పంపింది. 2022 రన్ఆఫ్‌లో ఇద్దరు అభ్యర్థులూ నల్లవాళ్లే. చట్టం రాసినవాడి ఉద్దేశం ఒకటి, అరవై ఏళ్లకి జనం దాన్ని వాడుకున్న తీరు ఇంకొకటి. అంతమాత్రాన పాత గాయం మానిపోయిందని నేననను. రెండోసారి వచ్చి ఓటేయడం అందరికీ ఒకేలా కుదరదు. గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లకి, కారు లేనివాళ్లకి అది భారమే. 2021లో తెచ్చిన చట్టం రన్ఆఫ్ గడువుని తొమ్మిది వారాల నుంచి నాలుగుకి కుదించింది కూడా. థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం ముందస్తు ఓటింగ్ పెట్టొచ్చా లేదా అన్నది 2022లో కోర్టుదాకా వెళ్లింది. పండగ పక్కనున్న శనివారం కుదరదని రాష్ట్రం అంది, కోర్టు కుదురుతుందంది. వారమంతా పనిచేసేవాళ్లకి ఆ ఒక్క శనివారం ఎంత అవసరమో వరసలో నిలబడ్డవాళ్లని చూస్తే తెలుస్తుంది.

నేను చూశాను, ఎందుకంటే ఎన్నికల రోజుల్లో మా కౌంటీలో పోల్ వర్కర్‌గా పనిచేస్తాను. తెల్లవారకముందే వెళ్లి మెషిన్లు పెట్టుకోవాలి, ఏడింటికల్లా తలుపులు తీయాలి, రాత్రి ఏడు దాకా తీసే ఉంచాలి. ఐడీ చూసి, పేరు సరిచూసి, కార్డు ఇస్తాం. ఓటరు తెర మీద నొక్కితే కాగితం అచ్చయి వస్తుంది. అది చదువుకుని స్కానర్‌లో పెట్టాలి. బయటికి వెళ్లేటప్పుడు పీచు పండు బొమ్మ ఉన్న స్టిక్కర్. అక్కడ కూర్చున్నంతసేపూ మాకు పార్టీ లేదు, అభిప్రాయం లేదు. అందుకే రన్ఆఫ్‌లో నా ఓటు సంగతి బయట చెప్పుకోను.

ఆ డిసెంబరు 6న సాయంత్రం ఒక కుర్రాడు వచ్చాడు, ఏదో గిడ్డంగిలో పనిచేసే యూనిఫాంతో. కార్డు తీసుకుని మెషిన్ దగ్గరికెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగొచ్చి నన్నే అడిగాడు. "ఇందులో రెండే పేర్లున్నాయి. మూడో ఆయన లేడా?"

"రన్ఆఫ్‌లో మొదటి ఇద్దరే ఉంటారు."

"పేరు రాసి వేయొచ్చా?"

"రన్ఆఫ్‌లో కుదరదు."

కాసేపు నిలబడి ఆలోచించుకున్నాడు. తర్వాత వెళ్లి ఏదో నొక్కాడు, కాగితం చదువుకున్నాడు, స్కానర్‌లో పెట్టి వెళ్లిపోయాడు. ఎవరికి వేశాడో, అసలు వేశాడో లేదో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. కానీ తను వేసిన పేరు ఏమైందని అడగడానికి పని దిగి తిన్నగా వచ్చిన ఆ పిల్లవాడిని ఇక ఓట్లు చీల్చేవాడని ఎవరన్నా నేను ఊరుకోలేను.

మూడో పేరు ఆ జాబితాలోకి రావడమే ఎంత కష్టమో మన వాళ్లలో చాలామందికి తెలియదు. గవర్నరు, సెనేటరు, విద్యుత్ ధరలు నిర్ణయించే పబ్లిక్ సర్వీస్ కమిషన్ లాంటి రాష్ట్రమంతా ఓటేసే పదవుల్లో లిబర్టేరియన్ పార్టీకి చోటు దొరుకుతోంది. దానికి షరతు, అంతకుముందు అలాంటి ఏదో ఒక పోటీలో వాళ్ల అభ్యర్థికి నమోదైన ఓటర్ల సంఖ్యలో ఒక శాతానికి సమానంగా ఓట్లు వచ్చి ఉండాలి. అంటే ఆలివర్‌కి పడిన ప్రతి ఓటూ ఆయన ఓడినా పనికొచ్చింది, తర్వాతి ఎన్నికలో ఆ వరుస ఖాళీ కాకుండా కాపాడింది. "వేస్ట్" అనేవాళ్లకి నా మొదటి జవాబు ఇదే.

అదే అమెరికా హౌస్‌కి, అంటే కేంద్రంలోని ప్రతినిధుల సభకి, నిలబడాలంటే కథ వేరు. ఆ నియోజకవర్గంలో నమోదైన ఓటర్లలో ఐదు శాతం మంది సంతకాలు తేవాలి, వేలకి వేలు. ఈ నియమం 1943 నాటిది. అప్పటినుంచి ఆ సంతకాలు కూడగట్టి హౌస్ ఎన్నికల జాబితాలోకి ఎక్కిన మూడో పార్టీ అభ్యర్థి ఒక్కరు కూడా లేరు. ఒక్కరు కూడా. ఒక జిల్లా జడ్జి ఇది రాజ్యాంగానికి విరుద్ధమన్నారు గానీ, 2022 జనవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పుని తిప్పేసింది. అట్లాంటా హౌస్ సభ్యుడు జాన్ లూయిస్ చనిపోయాక 2020లో ఆ ఖాళీకి ఆలివర్ నిలబడగలిగాడంటే అది ప్రత్యేక ఎన్నిక కాబట్టి, దానికి సంతకాలు అక్కర్లేదు కాబట్టి.

"జనానికి వాళ్లు అక్కర్లేదు, అందుకే రెండు శాతం" అనేవాళ్లకి జాన్ మాండ్స్ పేరు చెప్తాను. 2008లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ పదవికి లిబర్టేరియన్‌గా నిలబడ్డాడు. ఆ పోటీలో డెమోక్రాట్ ఎవరూ లేరు. పది లక్షలకి పైగా ఓట్లొచ్చాయి, మూడో వంతు. ఓడిపోయాడు నిజమే, కానీ అంతకుముందు ఆ పార్టీ అభ్యర్థి ఎవరికీ ఏ రాష్ట్రంలోనూ పది లక్షలు రాలేదు. ఇద్దరే మిగిలినప్పుడు, రెండో పేరు ఏ పార్టీదైనా సరే, పది లక్షల మంది దానికి వేయడానికి వెనకాడలేదు.

2022 రన్ఆఫ్ అయిన కొద్ది రోజులకే రాష్ట్ర ఎన్నికల వ్యవహారాలు చూసే బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్ అసలు నవంబరు ఎన్నికల రన్ఆఫ్‌లే తీసేయమని శాసనసభని కోరారు. కౌంటీ సిబ్బందికి పండగల మధ్య ఎంత ఒత్తిడో ఆయన చెప్పింది నిజం, నేను దగ్గరుండి చూశాను. కానీ ఊరికే తీసేస్తే మనం తెనాలిలో నాన్నగారు కంగారు పడిన చోటికే వెళ్తాం. నచ్చినవాడికి వేస్తే నచ్చనివాడు గెలుస్తాడేమో అన్న భయం మళ్లీ మొదలు.

అలా తీసేయక్కర్లేదు. వేరే దారి ఈ రాష్ట్రంలో ఇప్పటికే ఉంది. విదేశాల్లో ఉన్న సైనికులకి, ఇతర పౌరులకి రన్ఆఫ్ బ్యాలెట్ నాలుగు వారాల్లో చేరి తిరిగి రాదు కాబట్టి, ముందే ఒకటి, రెండు, మూడు అని వరసపెట్టే బ్యాలెట్ పంపుతారు. 2021 చట్టంలోనే ఆ ఏర్పాటు ఉంది. వాళ్ల మొదటి ఎంపిక రన్ఆఫ్‌లో లేకపోతే తర్వాతి ఎంపికని లెక్కలోకి తీసుకుంటారు. జర్మనీలో ఉన్న జార్జియా సైనికుడికి అర్థమయ్యే బ్యాలెట్ జాన్స్ క్రీక్‌లో నాకు అర్థం కాదా? అయినా 2024లో రాష్ట్ర సెనేట్ ఈ పద్ధతిని మిగతా అందరికీ నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది, విదేశాల్లో ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చి మరీ. ఆ ఏడాది అది దిగువ సభ దాటలేదు.

మా రాష్ట్ర ప్రతినిధి ఆఫీసుకి ఈ విషయమే రాశాను. ఈ బిల్లు మళ్లీ వస్తే వ్యతిరేకించమని, విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇచ్చిన బ్యాలెట్ మాకూ ఇవ్వమని. జార్జియాలో ఓటున్న తెలుగువాళ్లు ఇది చదువుతుంటే మీ ప్రతినిధికి కూడా రాయండి, నాలుగు వాక్యాలు చాలు. ఎన్నికలకి ముందు రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైట్‌లోని మై వోటర్ పేజీలో మీ నమూనా బ్యాలెట్ తెరిచి, సెనేటరు, గవర్నరు దగ్గరే ఆగకుండా కిందదాకా చూడండి. ఇన్సూరెన్స్ కమిషనర్, వ్యవసాయ కమిషనర్, మన కరెంటు బిల్లు తేల్చే కమిషన్, వీటిలో మూడో పేరు ఉందేమో చూసి, ఉంటే ఆ మనిషి ఏం చెప్తున్నాడో ఒక పది నిమిషాలు చదవండి. నచ్చకపోతే వేయకండి. ఎదురింటి అన్నయ్యగారికి కూడా ఇదే చెప్పాను. కమిషన్ ఎన్నిక వచ్చినప్పుడు చూస్తానన్నారు, కరెంటు బిల్లు విషయంలో ఆయనకీ కోపం ఉంది.